కెంటకీ డెర్బీ: ఇరవై గుర్రాల్ని కాగితం మీద వడగట్టడం ఎలా?

ఏప్రిల్ చివరికొచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: "ఈసారి డెర్బీలో ఏ గుర్రం?" ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు. ఇరవై పేర్లున్న రేస్ కార్డు చేతికొచ్చాక ఒక పూట కూర్చుని, ఏ గుర్రానికి ఎంత అవకాశముందో మీరే లెక్కగట్టుకోవచ్చు. ఆ అవకాశానికి పందేల బోర్డు మీది ఆడ్స్ (4-1 అంటే ఒక డాలరు కాస్తే నాలుగు డాలర్ల లాభం) తగినంత ఉన్నాయో లేదో కూడా చూసుకోవచ్చు. ఆ పద్ధతే ఇది.

ముందుగా ఒక అయోమయం తీర్చుకుందాం. హ్యాండికాప్ రేసు అంటే బలమైన గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టి పోటీని సమం చేసేది. డెర్బీ అలాంటి రేసు కాదు. మగ గుర్రాలన్నీ 126 పౌండ్లు, ఆడ గుర్రమైతే 121 పౌండ్లు మోస్తాయి. ఇక్కడ హ్యాండికాపింగ్ అంటే చిట్టాలు చదివి అంచనా కట్టడం, అంతే.

రేసు మే మొదటి శనివారం, అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లోని చర్చిల్ డౌన్స్ మట్టి ట్రాక్ మీద. మూడేళ్ల గుర్రాలు, పది ఫర్లాంగులు (ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు), బయల్దేరే గేటులో గరిష్ఠంగా 20. వాటిలో దాదాపు ఏ గుర్రమూ అంతకు ముందు పది ఫర్లాంగులు పరుగెత్తి ఉండదు. మన తలనొప్పి సగం అక్కడే ఉంది.

కావలసినవి

- ప్రతి గుర్రం పాత రేసుల చిట్టా. రేసుల వాళ్లు దీన్ని పీపీ అంటారు. డైలీ రేసింగ్ ఫారమ్, బ్రిస్‌నెట్, ఈక్విబేస్ అమ్ముతాయి. ఒక్కటి చాలు, మూడూ కొనక్కర్లేదు.
- చివరి సన్నాహక రేసుల రిజల్ట్ చార్టులు. ఈక్విబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి.
- ఆ రేసుల వీడియోలు. ముఖ్యంగా ఫ్లోరిడా డెర్బీ, శాంటా అనీటా డెర్బీ, బ్లూ గ్రాస్, వుడ్ మెమోరియల్, అర్కాన్సా డెర్బీ, లూయిజియానా డెర్బీ. వీటిలో గెలిస్తే డెర్బీలో చోటు తెచ్చే పాయింట్లు మామూలుగా 100 వస్తాయి, కాబట్టి డెర్బీ పోటీలో చాలా గుర్రాలు ఇక్కడి నుంచే వస్తాయి.
- పెద్ద తెల్ల కాగితం, పెన్సిల్, రబ్బరు, క్యాలిక్యులేటర్. పెన్ను వద్దు. గుర్రాలు చివరి నిమిషంలో తప్పుకుంటాయి.

1. చిట్టాను సరిగ్గా చదవండి

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, రెండు విషయాల్లో.

మొదటిది, అంకె పక్కన ఉండే చిన్న అంకె. పీపీలో మూడో స్థానం పక్కన 4 అని ఉంటే, ఆ గుర్రం అందరికన్నా ముందున్న గుర్రానికి 4 లెంగ్తులు (ఒక లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) వెనక ఉందని అర్థం. రిజల్ట్ చార్టులో అదే చిన్న అంకె, ఆ గుర్రం తన వెనక గుర్రానికి ఎంత ముందుందో చెబుతుంది. కాబట్టి చార్టులో ఒక గుర్రం ఎంత వెనక ఉందో తెలియాలంటే, దాని ముందున్న గుర్రాలన్నిటి అంకెలూ కూడుకోవాలి. ఈ రెండూ కలిపేస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది.

రెండోది సమయం. కొన్ని చిట్టాలు సెకనును అయిదు భాగాలుగా రాస్తాయి. 22 మీద చిన్న 3 ఉంటే అది 22.60 సెకన్లు, 22.30 కాదు. మీ చిట్టా ఏ పద్ధతిలో ఉందో మొదటి పేజీలోనే చూసుకోండి.

లెంగ్తును సమయంలోకి మార్చడానికి పాత లెక్క అయిదో వంతు సెకను. రేసు వేగంలో నిజానికి అది 0.17 సెకన్లకు దగ్గర. కింది లెక్కలన్నిటికీ 0.17 వాడదాం.

2. చివరి ఫర్లాంగు తీయండి

పది ఫర్లాంగులు తట్టుకుంటుందా అన్నదానికి తొమ్మిది ఫర్లాంగుల రేసు ముగింపు కన్నా మంచి సాక్ష్యం లేదు. చార్టులో మైలు సమయం, మొత్తం సమయం రెండూ ఉంటాయి. ఆ రేసులో స్ట్రెచ్ (గీతకు ముందున్న చివరి తిన్నని దారి) దగ్గర రాసిన స్థానం సరిగ్గా మైలు దగ్గరిదే.

ఉదాహరణకు ఆరు ఫర్లాంగులు 1:11.60, మైలు 1:36.80, మొత్తం 1:49.60 అనుకుందాం. మన గుర్రం ఆరు ఫర్లాంగుల దగ్గర 4 లెంగ్తులు, మైలు దగ్గర 2 లెంగ్తులు వెనక ఉండి గెలిచింది.

- చివరి ఫర్లాంగు: 12.80 నుంచి (2 × 0.17) తీసేస్తే 12.46
- చివరి మూడు ఫర్లాంగులు: 38.00 నుంచి (4 × 0.17) తీసేస్తే 37.32

చివరి ఫర్లాంగు 13 సెకన్ల లోపు, చివరి మూడు ఫర్లాంగులు 38 లోపు ఉంటే పాస్ అనేది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. రెండూ దాటితే ఆ గుర్రం పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, కొట్టేయకండి. మొదటి అర మైలు మరీ వేగంగా సాగిన రేసులో అన్నీ అలిసిపోతాయి. అలాంటప్పుడు 13.20 కూడా మంచి ముగింపే కావచ్చు. తీరిగ్గా సాగిన రేసులో 12.40 చూసి మురిసిపోవడం దానికి సరిగ్గా తలకిందుల పొరపాటు.

చివరి సన్నాహక రేసులో గెలవలేదని కొట్టేయడం ఇంకా పెద్ద తప్పు. 2022 నుంచి 2025 వరకు డెర్బీ గెలిచిన నాలుగూ అంతకు ముందు రేసులో ఓడినవే: రిచ్ స్ట్రైక్ మూడో స్థానం, మేజ్ రెండు, మిస్టిక్ డాన్ మూడు, సావరిన్టీ రెండు.

3. వీడియోలో వెడల్పు లెక్కపెట్టండి

మలుపులో లోపలి కంచె పక్కన పరుగెత్తిన గుర్రానికీ, దానికి నాలుగు వరుసలు బయట పరుగెత్తిన గుర్రానికీ దూరం ఒకటి కాదు. ఒక్కో వరుస సుమారు 0.9 మీటర్లు. పూర్తి మలుపు అర్ధవృత్తం కాబట్టి, ఒక వరుస బయటకెళ్తే దాదాపు 2.8 మీటర్లు అదనం. అంటే ఒక లెంగ్తుకు కాస్త పైన.

రెండు మలుపులూ నాలుగు వరుసలు బయటే తిరిగి 3 లెంగ్తుల తేడాతో ఓడిన గుర్రం, కంచె పట్టుకుని గెలిచిన గుర్రం కన్నా నిజానికి ఎక్కువ పరుగు చేసింది. వీడియో ఆపి, ఒక్కో మలుపు నడుమ వరుస సంఖ్య రాసుకోండి. ఇరవై గుర్రాలకూ చేయక్కర్లేదు, రెండో అంచెలో పాస్ అయినవాటికి చాలు.

జాగ్రత్త: గేటు దగ్గర ఆలస్యం, దారి మూసుకుపోవడం లాంటి సాకులు ప్రతి ఓటమికీ దొరుకుతాయి. అదే గుర్రానికి మూడు రేసుల్లో మూడుసార్లు దారి మూసుకుపోయిందంటే, అది దురదృష్టం కాదు. ఆ గుర్రానికి గుంపులో దూరే చురుకు లేదు.

4. వేగం మ్యాపు గీయండి

ఒక్క గంటే సమయం ఉంటే, ఆ గంట దీనికే ఇవ్వండి.

కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: ముందు, మధ్య, వెనక. మైలు, ఆపై దూరం రేసులు మూడేసి తీసుకుని, ప్రతి గుర్రం మొదటి అర మైలు సొంత సమయం కట్టండి. స్థానం చూసి మోసపోకండి. అర మైలు 47.80లో సాగిన రేసులో ముందున్న గుర్రం పక్కన "1" ఉంటుంది. 46.00లో సాగిన రేసులో 3 లెంగ్తులు వెనకున్న గుర్రం పక్కన "5" ఉండొచ్చు. కానీ రెండోదాని సొంత సమయం 46.51. రెండూ ఒకే గేటు నుంచి బయల్దేరితే ముందుండేది ఆ అయిదో స్థానం గుర్రమే.

ఇప్పుడు ముందు గడిలో ఉన్నవాటిలో, ముందుంటే తప్ప గెలవలేనివి ఎన్నో లెక్కపెట్టండి.

- ఒకటే ఉంటే: దానికి మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ అవకాశం ఇవ్వండి.
- రెండు మూడు: మామూలు రేసు. వాటి వెనకే రెండు మూడు లెంగ్తుల్లో కూర్చునేవి మేలు.
- నాలుగు, ఆపైన: ముందువన్నీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మధ్య గడి నుంచి వచ్చేవాటిని పైకి తెండి.

2022 దీనికి పాఠ్యపుస్తకం. మొదటి పావు మైలు 21.78 సెకన్లు, డెర్బీ చరిత్రలోనే వేగవంతం. అర మైలు 45.36. ముందున్నవి కుప్పకూలాయి. వెనక గుంపు నుంచి లోపలి దారిలో దూసుకొచ్చిన రిచ్ స్ట్రైక్ 80-1 మీద గెలిచింది. అలాగని దీన్ని సూత్రం చేసుకోవద్దు. 2018లో అర మైలు 45.77లో సాగినా, రెండో స్థానంలో ఉన్న జస్టిఫై తడి ట్రాక్ మీద నిలబడి గెలిచింది. మంచి గుర్రం మీ మ్యాపును లెక్కచేయదు.

అట్టడుగు నుంచి వచ్చే గుర్రాలంటే జనానికి మోజు, వీడియోలో చూడ్డానికి బాగుంటాయి కాబట్టి. ఇరవై గుర్రాల రేసులో ఆఖరు నుంచి వచ్చి గెలవాలంటే పంతొమ్మిదింటిని దాటాలి, లేదా అయిదారు వరుసలు బయట తిరగాలి. పై లెక్క మళ్లీ చూడండి, అయిదు వరుసలు రెండు మలుపుల్లో దాదాపు 28 మీటర్లు.

మ్యాపు పూర్తయ్యాక రెండు మార్పులు సరిచూడండి. కొత్తగా కంటి గంతలు పెడుతున్న గుర్రం సాధారణంగా ముందు గడికి జరుగుతుంది. ఆరు ఏడు ఫర్లాంగుల రేసుల నుంచి వస్తున్నది కూడా అంతే. పొట్టి రేసులో మధ్యన ఉన్నదైనా ఇక్కడ ముందుండగలదు.

5. ఉదయం పరుగులు

పీపీ అడుగున ఉండే అభ్యాస సమయాల్లో నల్ల చుక్క ఉంటే, ఆ రోజు ఆ దూరంలో అదే అత్యంత వేగం. దానికి పెద్ద విలువ ఇవ్వకండి. ఆ రోజు ఆ దూరం ఇంకో గుర్రమే పరుగెత్తి ఉంటే చుక్కకు అర్థం లేదు. పక్కన 1/2 అని ఉందో 1/60 అని ఉందో చూడండి. ఆ పరుగు ఎంత తేలిగ్గా సాగిందో చెప్పే బి, హెచ్ అక్షరాల గురించి కూడా గొడవ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో సమయం తీసేవాళ్లు మామూలుగా హెచ్ వేస్తారు, తూర్పున బి వేస్తారు. అది గుర్రం తేడా కాదు, అలవాటు తేడా.

చూడాల్సింది క్రమం. ఆరేడు రోజులకొకసారి పరుగు ఉందా, మధ్యలో రెండు వారాల ఖాళీ వచ్చిందా? ఖాళీ వస్తే ఏదో జరిగింది.

6. మనుషులు

ట్రైనర్ గెలుపు శాతాలు పీపీలో నిండుగా ఉంటాయి. ఇరవై కన్నా తక్కువ రేసుల మీద కట్టిన శాతాన్ని గీత కొట్టి వదిలేయండి. మూడింట ఒకటి గెలిస్తే 33 శాతం, అది అంకె మాత్రమే.

జాకీ మార్పు మాత్రం చూడదగ్గది. ఒకే జాకీ సన్నాహక రేసుల్లో రెండు డెర్బీ గుర్రాలు నడిపి ఉంటే, ఇప్పుడు దేన్ని ఎంచుకున్నాడు? ఇందులోనూ మెలిక ఉంది. ఎంపిక చాలాసార్లు జాకీ ఏజెంటుది. పెద్ద ట్రైనర్‌తో ఏడాది పొడవునా ఉండే సంబంధం కోసం ఒక గుర్రాన్ని వదులుకోవడం మామూలే. వదిలేసిన గుర్రానికి అంతే స్థాయి జాకీ దొరికితే ఏమీ తగ్గించకండి.

మందుల విషయం: రేసు రోజు లాసిక్స్ (ఊపిరితిత్తుల్లో రక్తస్రావం తగ్గించడానికి ఇచ్చే మందు) 2021 నుంచి డెర్బీలో లేదు. పాత రేసుల పక్కన ఎల్ (లాసిక్స్ ఇచ్చారని గుర్తు) అనే అక్షరం ఉండి, అది లేని రేసుల్లో గుర్రం వెనకబడి ఉంటే గమనించండి.

7. గేటు సంఖ్య, వాన

17వ గేటు నుంచి 2025 వరకు ఏ గుర్రమూ గెలవలేదు. ఒకటో గేటు నుంచి చివరిగా గెలిచింది 1986లో ఫెర్డినాండ్. కబుర్లకు ఇవి బాగుంటాయి, లెక్కకు అంతగా పనికిరావు. 2020 నుంచి ఇరవై గదుల కొత్త గేటు వచ్చింది. పాత ఒకటో గేటులోని ఇబ్బందే ఇప్పుడూ ఉందనుకోలేం. 2025లో సావరిన్టీ బయటి గేట్లలో ఒకదాని నుంచి, 2024లో మిస్టిక్ డాన్ 3 నుంచి గెలిచాయి. గేటును మీ వేగం మ్యాపుతో కలిపి చూడండి. ముందుండాల్సిన గుర్రం లోపలి గేట్లో ఉంటే వెంటనే పరుగు తీయక తప్పదు, అది వేగం పెంచుతుంది.

వాన పడితే కొత్త చిట్టా వేయొద్దు. తడి ట్రాక్ మీద పరుగెత్తి ఘోరంగా విఫలమైన గుర్రాలకు మాత్రం తగ్గించండి. తడి రికార్డే లేని గుర్రాన్ని శిక్షించకండి.

8. మీ సొంత ధర రాయండి

ఇంతవరకు చేసిందంతా అంకెల్లోకి రావాలి. బోర్డు చూడకముందే రాయండి. చూశాక రాస్తే మీ చేయి తెలియకుండానే బోర్డు వైపు వాలుతుంది.

ఎ) అసలు అవకాశం లేదనుకున్నవాటిని ఒక గుంపు చేసి, మొత్తం గుంపుకు 10 శాతం ఇవ్వండి. సున్నా వద్దు.

బి) మిగతా 90 శాతాన్ని తక్కిన గుర్రాలకు పంచండి. ఇరవై గుర్రాల రేసులో ఒకదానికి 30 దాటుతుంటే ఒకసారి ఆగి ఆలోచించండి.

సి) కూడి చూడండి. సరిగ్గా 100 రావాలి. మొదటిసారి చేసేవాళ్లకు దాదాపు అందరికీ 130, 140 వస్తుంది. ప్రతి గుర్రం మీదా ఆశ పెట్టుకున్నారన్నమాట.

డి) శాతాన్ని ఆడ్స్‌గా మార్చండి: 100ను శాతంతో భాగించి ఒకటి తీసేయండి. 25 శాతం అంటే 3-1, 20 అంటే 4-1, 10 అంటే 9-1, 5 అంటే 19-1.

ఇప్పుడు బోర్డు చూడండి. మీరు 9-1 అనుకున్న గుర్రం బోర్డు మీద 13-1 లేదా ఆపైన ఉంటేనే పందెం. అంటే సొంత ధరకు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎందుకంత? చర్చిల్ డౌన్స్ గెలుపు పందేల మొత్తంలో 17.5 శాతం, ఎగ్జాక్టా (మొదటి రెండు స్థానాలు వరుసగా చెప్పే పందెం), ట్రైఫెక్టా (మొదటి మూడు స్థానాలు) లాంటివాటిలో 22 శాతం ముందే తీసేసుకుంటుంది. బోర్డు శాతాలన్నీ కూడితే 121 దాకా వచ్చేది అందుకే. పైగా మీ అంచనాలోనూ తప్పుంటుంది.

ఉదయం కార్డులో అచ్చయిన ఆడ్స్‌తో ఇది చేయకండి. అవి జనం ఎలా కాస్తారో ఒకరు వేసిన ఊహ మాత్రమే. గేటు తెరిచేదాకా అసలు ఆడ్స్ మారుతూనే ఉంటాయి.

ఫేవరెట్ (జనం అన్నిటికన్నా ఎక్కువ కాసిన గుర్రం) గురించి: 2013 నుంచి 2018 వరకు ఆరేళ్లు వరుసగా ఫేవరెట్లే గెలిచాయి. 2019 నుంచి 2025 వరకు ఒక్కటీ గెలవలేదు. ఫేవరెట్‌ను గుడ్డిగా నమ్మడం, గుడ్డిగా తిప్పికొట్టడం రెండూ ఒకటే రకం బద్ధకం.

9. టికెట్

చట్టం ఒప్పుకునే చోట, పోయినా పర్వాలేదనుకున్న మొత్తంతోనే. ఆ మొత్తం రేసుకు ముందు రోజే కాగితం మీద రాయండి.

అమెరికాలో ప్లేస్ అంటే మొదటి రెండు స్థానాలు, షో అంటే మొదటి మూడు. ఇతర దేశాల టోట్ (ఉమ్మడి పందేల) అలవాటుతో టికెట్ కొంటే పొరపడతారు. 2 డాలర్ల టికెట్‌కు 6-1 మీద అసలుతో కలిపి 14 డాలర్లు వస్తాయి.

అయిదు గుర్రాలతో ట్రైఫెక్టా బాక్స్ (ఏ వరుసలో వచ్చినా చెల్లేది) కడితే 60 కలయికలు. డాలరు చొప్పున 60 డాలర్లు. అందులో సగం కలయికల్ని మీరే నమ్మరు. నచ్చిన గుర్రాన్ని పైన పెట్టి కింద అయిదింటితో ఎగ్జాక్టా కడితే డాలరు చొప్పున అయిదు డాలర్లే.

రేసు అయ్యాక ఫలితం అధికారికమని బోర్డు మీద పడేదాకా టికెట్ చించకండి. 2019లో మొదట గీత దాటిన మాక్సిమమ్ సెక్యూరిటీని అడ్డువచ్చినందుకు తప్పించి, 65-1 మీదున్న కంట్రీ హౌస్‌ను విజేతగా ప్రకటించారు. అది తేలేవరకు ఇరవై నిమిషాలు దాటింది.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

గెలిచిన గుర్రం మీ జాబితాలో ఉందా లేదా అని కాదు. ఒక్క రేసు ఏమీ చెప్పదు. ఒక పుస్తకం పెట్టి ప్రతి రేసుకూ మూడు విషయాలు రాయండి.

మొదటిది, మొదటి పావు మైలు దగ్గర ముందుంటాయని మీరు రాసిన మూడు గుర్రాల్లో ఎన్ని నిజంగా మొదటి అయిదింట్లో ఉన్నాయి? మూడింట రెండు తరచుగా వస్తుంటే మీ మ్యాపు బాగున్నట్టు. రాకపోతే సొంత సమయం కట్టకుండా స్థానం చూసి గీస్తున్నారన్నమాట.

రెండోది, మీరు 20 శాతం ఇచ్చిన గుర్రాలన్నిటినీ ఒకచోట చేర్చండి. యాభై పోగయ్యాక దాదాపు పది గెలిచి ఉండాలి. అయిదే గెలిస్తే మీకు నచ్చినవాటికి ఎక్కువ పంచుతున్నారు.

మూడోది, మీరు కొట్టేసిన గుంపు మొత్తంగా ఎన్నిసార్లు గెలిచింది? పదిలో ఒకసారి దగ్గర ఉండాలి. పదిలో మూడుసార్లు గెలుస్తుంటే తొందరపడి కొట్టేస్తున్నారు.

యాభై డెర్బీలకు జీవితం చాలదు కాబట్టి, శనివారం పెద్ద రేసులతో డబ్బు పెట్టకుండా అభ్యాసం చేయండి.

ప్రీక్‌నెస్, బెల్మాంట్‌కు ఏం మారుతుంది?

డెర్బీ తర్వాత మూడేళ్ల గుర్రాలకే జరిగే పెద్ద రేసులు ఈ రెండూ. ప్రీక్‌నెస్ డెర్బీ తర్వాత రెండు వారాలకు, తొమ్మిదిన్నర ఫర్లాంగులు, గరిష్ఠంగా 14 గుర్రాలు. గుంపు చిన్నది కాబట్టి బయట తిరిగే నష్టం తక్కువ, మ్యాపు నమ్మదగ్గది. డెర్బీలో పరుగెత్తినవాటిని, విశ్రాంతితో వస్తున్నవాటిని వేర్వేరు రంగుల్లో రాసుకోండి. డెర్బీ విజేత ఉంటుందని అనుకోకండి. 2025లో సావరిన్టీ ప్రీక్‌నెస్ వదిలేసింది, జర్నలిజం గెలిచింది. ఆ తర్వాత బెల్మాంట్ సావరిన్టీదే.

బెల్మాంట్ మామూలుగా పన్నెండు ఫర్లాంగులు. కానీ 2024, 2025లో సారటోగాలో పది ఫర్లాంగులకే జరిగింది. ఏ ఏడాదైనా లెక్క మొదలుపెట్టే ముందు వేదిక, దూరం రెండూ కార్డులో చూసుకోండి. పన్నెండు ఫర్లాంగులకు చివరి ఫర్లాంగు పరీక్ష బరువు పెరుగుతుంది. పది ఫర్లాంగులకైతే డెర్బీలో కట్టిన అంకెల్నే తిరిగి వాడుకోవచ్చు.